దస్తగిరి రాయని బోర్డు

దస్తగిరికి తెలుగు చదవడం రాదు. ఈ సంగతి ఎర్రగుంటపల్లిలో చాలామందికి తెలియదు, ఎందుకంటే చదవమని అతనికి ఎవరూ ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు. నార్కట్‌పల్లి నుంచి నల్గొండ పోయే రోడ్డు మీద, బస్సు ఆగే చోట, అతనికి సైకిల్ దుకాణం ఉంది. పంక్చర్లు వేస్తాడు, చక్రాల వంకరలు తీస్తాడు, సైకిళ్ళు కిరాయికి ఇస్తాడు. చిన్నప్పుడు నల్గొండలో మేనమామ ఇంట్లో ఉండి నాలుగో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివాడు. ఆ చదువు వల్ల సైకిళ్ళకు ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇంట్లో చదువుకున్నది అతని భార్య తాహేరా. ఆమె పుట్టిల్లు కోస్గి. వాళ్ళ గల్లీకి దగ్గరున్నది తెలుగు బడే కావడంతో అందులోనే వేశారు, పదో తరగతి పాసైంది. పెళ్ళయి వచ్చాక ఆ చదువుతో చేయడానికి పెద్దగా పని దొరకలేదు. బడివాళ్ళు పారేసిన నల్లబల్లను దస్తగిరి తెచ్చి దుకాణం ముందు తగిలించినప్పుడు, దాని మీద "ఇచ్చట సైకిళ్ళు కిరాయికి ఇవ్వబడును" అని రాసింది ఆమే. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా కుదిరాయి. చూసినవాళ్ళు దస్తగిరి రాతను మెచ్చుకున్నారు. ఆ మాత్రానికి కాదనడం ఎందుకని అతను ఊరుకున్నాడు.

తొంభై అయిదు ఎండాకాలంలో ఊరి నల్లా ఆగిపోయింది. నల్లా ఉన్నప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు మంచినీళ్ళు దొరికేవి. అది పోయాక బోరింగు నీళ్ళే గతి. ఆ నీళ్ళు ఎట్లాంటివో తెలియాలంటే దస్తగిరి తల్లి ఇక్బాల్ బీని చూస్తే చాలు. ముసలితనం రాకముందే నడుము వంగిపోయి, నేలను చూస్తూ నడుస్తుంది. ఎదురొచ్చిన మనిషిని చెప్పులను బట్టి గుర్తుపడుతుంది. డాక్టర్లు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందన్నారు, ఆ నీళ్ళు తాగొద్దన్నారు. ఏ నీళ్ళు తాగాలో చెప్పలేదు.

ఒక పొద్దున తాహేరా బిందె తీసుకొని నల్లా దగ్గరికి పోయి, ఖాళీ బిందెతో తిరిగివచ్చి, దుకాణం ముందు ఆగింది. సుద్దముక్క తీసుకొని, కిరాయి మాట కింద ఇంకో వరుస రాసింది. దస్తగిరి ట్యూబును నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తున్నాడు.

"ఏం రాసినవ్?" అని అడిగాడు.

"ఈ వారం గూడ నల్లా రాలేదని."

"అది అందరికి ఎరుకేనాయె."

"ఎరుకైనదే చదువుకుంటరు. తప్పేముంది?"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు అక్కడ చదవడానికి వేరే ఏమీ లేదు. ఎదురు గోడ మీద ఒక సిమెంటు కంపెనీ పేరు, కుటుంబ నియంత్రణ త్రికోణం ఉండేవి, అంతే. అందుకని బోర్డును అందరూ చదివారు. చదివినవాళ్ళు దస్తగిరి దగ్గరికి వచ్చి మా ఊరి సంగతి కూడా రాయమన్నారు. అతను పగలంతా విని, అన్నం తినేటప్పుడు భార్యకు చెప్పేవాడు. ఆడమనిషి రోడ్డున నిలబడి రాస్తే ఎవరైనా ఏమైనా అంటారని, ఆమె జనం రాకముందే రాసేసి, దుకాణం వెనకనే ఉన్న ఇంట్లోకి పోయేది.

ఆమె రాసే పద్ధతిలో అరుపులు ఉండేవి కావు. "దవాఖానలో డాక్టర్ లేడు. కాంపౌండర్ ఉన్నాడు. మందు లేదు" అని రాసేది. "కలెక్టరాఫీసుకు ఊరివాళ్ళు ఖాళీ బిందెలతో పోయారు. ఖాళీ బిందెలతో వచ్చారు" అని రాసేది. చదివినవాళ్ళు తమ మాట రాసుకోవడానికి అడుగున కొంచెం జాగా వదిలి, ఒక సుద్దముక్కను దారానికి కట్టి వేలాడదీసింది. కొందరు "నిజమే" అని రాసేవారు. కొందరు "కాదు" అని రాసేవారు. ఒకాయన మాత్రం విషయం ఏదైనా సరే, బస్సు ఆలస్యమైందని రాసేవాడు.

రోజూ అందరికంటే ముందు వచ్చి చదివేది గండయ్య. నేతపని మనిషి, చేనేత సొసైటీకి చీరెలు నేస్తాడు. అదే నీళ్ళు తాగి వేళ్ళు బిగుసుకుపోవడంతో మగ్గం మీద నాడె ముందటిలా విసరలేకపోతున్నాడు. నల్గొండలో నీళ్ళ కోసం మీటింగులు పెడుతున్నవాళ్ళలో కలిసి తిరిగేవాడు, అక్కడి కబుర్లు తెచ్చేవాడు. దస్తగిరికి అతనంటే ప్రాణం. తండ్రి చనిపోయిన రోజు దుకాణాలన్నీ బంద్ ఉంటే, శవానికి చుట్టే కఫన్‌కు తెల్లబట్ట మగ్గం మీది నుంచి కోసి తెచ్చింది గండయ్యే.

కొన్నాళ్ళకు పర్వతాలు వచ్చాడు. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీకి మండలంలో పనులు చూసిపెట్టే మనిషి ఇతను. జీపు దిగకుండానే మాట్లాడాడు.

"దస్తగిరీ, మంచిగ రాస్తున్నవ్. జర తక్కువ రాయి."

"ఏది తక్కువ రాయాలె?"

"నీకు తెల్వదా ఏంది."

దస్తగిరికి నిజంగానే తెలియదు. జీపు పోయాక లోపలికి వెళ్ళి, ఈ రోజు ఏముందని తాహేరాను అడిగాడు. ఆమె చదివి వినిపించింది: "ఊరికి రావాల్సిన నీళ్ళ ట్యాంకర్ నిన్న పర్వతాలు బత్తాయి తోట దగ్గర ఆగింది. చెట్లు బాగున్నాయి."

దస్తగిరి కాసేపు ఆలోచించాడు. "చెట్లు బాగున్నయన్నవు గద. అది మంచి మాటేనాయె," అన్నాడు.

రెండో రోజు ఠాణా నుంచి పిలుపు వచ్చింది. ఎస్సై వయసులో చిన్నవాడు, ముఖం మాత్రం అలసిపోయి ఉంది. దస్తగిరిని నిలబెట్టి బోర్డు మీద రాసేది ఎవరని అడిగాడు. భార్య పేరు చెబితే రేపు జీపు ఇంటి ముందుకు వస్తుందని దస్తగిరికి అర్థమైంది.

"నేనే సార్."

ఎస్సై కాయితం, పెన్ను ముందుకు తోశాడు. "మొన్న ఏం రాసినవో ఇక్కడ రాయి. రాత కలుస్తదో లేదో చూస్త."

దస్తగిరి కూర్చొని రాయడం మొదలుపెట్టాడు. పెన్ను కాయితం కుడి కొస నుంచి బయలుదేరింది. ఎస్సై మెడ వంచి చూశాడు.

"గిదేందయ్యా?"

"ఉర్దూ సార్."

"బోర్డు మీద తెలుగు ఉన్నది గద."

"బోర్డు మీద తెలుగే సార్. కాయితం మీద నాకు ఉర్దూ వస్తది."

ఎస్సై కానిస్టేబుల్ ఖాసింను పిలిచి చదవమన్నాడు. ఖాసిం కాయితాన్ని వెలుతురుకు పట్టుకొని చదివాడు.

"నీళ్ళు వస్తలేవు అని రాసిండు సార్."

"అంతేనా?"

"అంతే సార్."

"అది నాకు గూడ తెలుసు," అన్నాడు ఎస్సై. "మా క్వార్టర్లకు గూడ వస్తలేవు." కాయితాన్ని మడిచి సొరుగులో పడేశాడు. పేర్లు మాత్రం రాయొద్దని చెప్పి పంపించేశాడు.

గేటు దాకా ఖాసిం వెంట వచ్చాడు. "భాయ్, క్వార్టర్ల సంగతి గూడ జర రాయమను," అన్నాడు.

"ఎవర్ని?"

"బాభీని."

దస్తగిరి సైకిలెక్కాడు. ఆ రోజు నుంచే తాహేరా దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తన్నులు పడేది ఏ మాటకో ముందే తెలిసి ఉంటే మంచిదనిపించింది.

మరుసటి ఏడు పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. నీళ్ళ కోసం పోరాడుతున్నవాళ్ళు జిల్లాలో ఒక నిర్ణయం తీసుకున్నారు. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయాం, ఇక ఊరూరి నుంచి వందల మంది నామినేషన్లు వేద్దాం, వోటు కాయితం పట్టనన్ని పేర్లు ఉంటే అప్పుడన్నా ఢిల్లీవాళ్ళు ఇటు చూస్తారు, అన్నారు. ఆ కబురు తెచ్చిన గండయ్య దుకాణం ముందు పదిమందిని పోగేశాడు. తాను నిలబడుతున్నానని, ఊరి నుంచి ఇంకొకరు కావాలని చెప్పాడు. అందరూ దస్తగిరి వైపు చూశారు. బోర్డు అతనిది కాబట్టి అతనే నిలబడాలన్నారు.

దస్తగిరి చేతిలోని పానా కింద పెట్టాడు. "బోర్డు నేను రాస్తలేను. నా భార్య రాస్తది," అన్నాడు.

అన్నాళ్ళూ అతన్ని మెచ్చుకున్నవాళ్ళు ఆ మెచ్చుకోలు ఏం చేయాలో తెలియక నిలబడ్డారు.

"నాకు ఎరుకే," అన్నాడు గండయ్య. "నిరుడు నువ్వు వేలు పెట్టి 'బోరింగు' అన్న మాట కూడుకుంటుంటె చూసిన. పిలువు చెల్లెను."

తాహేరా వాకిట్లోకి వచ్చి విన్నది. ఆలోచించుకోవడానికి గడువు అడగలేదు. వెనక నుంచి ఇక్బాల్ బీ మాత్రం, "పేరు రాయించుకుంటె నీళ్ళొస్తయా బేటీ?" అని అడిగింది.

"రావు అమ్మీ."

"మరెందుకు?"

"పేరు ఉంటది."

ఇక్బాల్ బీకి ఆ జవాబు నచ్చినట్టుంది. కోడలికి తన పండగ చెప్పులు ఇచ్చింది. తాహేరా, గండయ్య బస్సెక్కి నల్గొండ పోయారు. కలెక్టరాఫీసు గేటు బయటి దాకా లైను ఉంది. ముసలివాళ్ళు, చేతికర్రలవాళ్ళు, కాళ్ళు వంకరపోయిన పిల్లలను చంకనేసుకున్న తల్లులు, అందరూ పార్లమెంటుకు పోటీ చేయడానికే వచ్చారు. లోపల ఫారాలు అయిపోతే అచ్చు వేయించి తెచ్చే దాకా ఆగారు. సాయంత్రానికి ఇద్దరి పనీ అయింది. తిరిగి వచ్చే బస్సులో కండక్టర్ వాళ్ళకు సీటు ఇప్పించాడు, ఎంపీలు కావచ్చునేమో అన్నాడు.

ఆ తర్వాత జీపు తిరగడం మొదలైంది. పర్వతాలు ఒక్కో ఊరికి పోయి నామినేషన్ వేసినవాళ్ళను పలకరించసాగాడు. పలకరించాక కొందరు నామినేషన్ వాపస్ తీసుకోసాగారు. తాహేరా ఆ పేర్లను రోజూ పొద్దున బోర్డు మీద రాసింది. ఎస్సై పేర్లు రాయొద్దన్న సంగతి దస్తగిరి గుర్తు చేశాడు. నామినేషన్ వేసిన పేరు అందరి ఎదుటే ఇచ్చింది కాబట్టి పర్వాలేదని ఆమె అన్నది. పక్కూరి యాదయ్య పేరు పడ్డ రోజున జనం చదివి నవ్వారు. యాదయ్య ఆ రోజు నుంచి ఇక్కడ బస్సెక్కడం మానేసి, ముందు స్టేజీ దాకా నడిచిపోయేవాడు.

వాపస్ తీసుకునే గడువు ఆఖరి రోజు ముగిశాక యాదయ్యే నడుచుకుంటూ దుకాణానికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖం తేటగా ఉంది.

"మీ గండయ్య గూడ తీసుకున్నడు," అన్నాడు. "నా కండ్లార చూసిన. రేపు రాస్తరు గద?"

దస్తగిరి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. కంచం పక్కకు జరిపి, "రాయకు," అన్నాడు.

"యాదయ్యది రాసిన," అన్నది తాహేరా.

"యాదయ్య వేరు. నాయిన పోయిన్నాడు బట్ట తెచ్చిన మనిషి ఈయన."

"నాకు తెల్వదా. కాని బోర్డుకు గిదంత తెల్వదు గద."

"బోర్డు నీ చేతుల ఉన్నది."

తాహేరా తెల్లవారి లేచి, బోర్డును తడిగుడ్డతో తుడిచి, ఏమీ రాయకుండా లోపలికి పోయింది. బస్సు కోసం వచ్చినవాళ్ళు ఖాళీ బోర్డును కూడా అలవాటుగా కాసేపు చూశారు. మధ్యాహ్నానికల్లా అడుగు వరుసలో ఎవరో రాశారు. దస్తగిరి కూడబలుక్కొని చదివాడు. "గండయ్య సంగతేంది?" అని ఉంది. ఆ మాట ఇంత సులభంగా చదవగలిగినందుకు అతనికి చిరాకు వేసింది.

గండయ్య ఆ మరునాడు వచ్చాడు. దుకాణం నిండా మనుషులున్నారు, బస్సు రావాల్సిన వేళ. అతను ఎవరినీ చూడకుండా బోర్డు ముందు నిలబడి ఆ ఒక్క వరుస చదువుకున్నాడు. దస్తగిరి స్టూలు జరిపితే కూర్చోలేదు.

"చెల్లెను పిలువు."

తాహేరా వచ్చింది.

"ఏం రాయకపోతివి?" అని అడిగాడు గండయ్య.

"చెయ్యి రాలే అన్నా."

"రాయి. నా పేరు ఒక్కటి ఇడిచిపెడితె, రాసిన పేర్లన్ని పగబట్టి రాసినట్టయితది."

ఆమె సుద్దముక్క తీసుకున్నది కానీ రాయలేదు. "ఎందుకు తీసుకున్నవ్ అన్నా?" అని అడిగింది.

గండయ్య తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. "నేను తీసుకోకుంటె సొసైటీకి నూలు బంద్ అన్నరు. నాకొక్కనికైతె బంద్ జేసుకోండ్రి అందును. అందరికి బంద్ అన్నరు. మా వాళ్ళందరు వచ్చి ఇంట్ల కూసున్నరు. తీసుకో అని ఎవ్వరనలే. కూసున్నరు అంతె. సుభద్రమ్మ చాయ్ పోస్తె తాగిండ్రు, మళ్ళ కూసున్నరు."

సుభద్రమ్మ అతని భార్య. ఆమె ఎన్నిసార్లు చాయ్ పోసి ఉంటుందోనని దస్తగిరి అనుకున్నాడు.

"గది గూడ రాయనా?" అన్నది తాహేరా.

గండయ్య బోర్డుకు దగ్గరగా జరిగాడు. "రాయి. పేరు ఒక్కటే రాస్తె అమ్ముడువోయిండంటరు."

తాహేరా మొదటిసారి పట్టపగలు, అందరూ చూస్తుండగా, బోర్డు మీద రాసింది. "గండయ్య నామినేషన్ వాపస్ తీసుకున్నాడు. తీసుకోకపోతే సొసైటీకి నూలు రాదని జీపులో వచ్చినవాళ్ళు చెప్పారు." దస్తగిరి ఒక్కో అక్షరం కూడుకుంటూ దాన్ని పైకి చదివాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. బస్సు వచ్చి ఆగి, ఇద్దరు ముగ్గురిని మాత్రమే ఎక్కించుకొని పోయింది.

ఆ సాయంత్రమే యాదయ్య మళ్ళీ వచ్చాడు. తనది కూడా రాయమన్నాడు. తమ్ముడికి ఆర్టీసీలో నౌకరి పెట్టిస్తామన్నారట.

"పెట్టించిండ్రా?" అని అడిగింది తాహేరా.

"ఇంకా లేదు."

ఆమె "ఇంకా లేదు" అని కూడా రాసింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వాపస్ తీసుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకాయనకు రేషన్ దుకాణం పోతుందన్నారు. ఒకామెకు పింఛను ఆపుతామన్నారు. ఇంకొకాయన తనకు కడుపునొప్పి వచ్చిందని, అందుకే తీసుకున్నానని రాయించాడు, ఆమె అదీ రాసింది. బోర్డు నిండిపోయాక దుకాణం తలుపు రెక్కల మీద రాసింది. నామినేషన్లు వేసిన రోజు కంటే వాపస్ తీసుకున్న సంగతులు చదవడానికే ఎక్కువమంది వచ్చారు. నల్గొండ నుంచి పేపరువాళ్ళు కూడా వచ్చి తలుపులకు ఫోటో తీసుకున్నారు.

మూడో రోజు పర్వతాలు ఈసారి జీపు దిగి వచ్చాడు. మొత్తం తుడిచేయమన్నాడు. దస్తగిరి పానా పట్టుకొని భార్య పక్కన నిలబడ్డాడు. దాన్ని ఏం చేయాలో అనుకోలేదు, చేతిలో ఉంది, అంతే.

"తుడిచేదెందుకన్నా," అన్నది తాహేరా. "మీ మాట గూడ రాయుండ్రి. కింద జాగా ఉన్నది." సుద్దముక్క అతని చేతికిచ్చింది.

అంతమంది చూస్తుండగా పర్వతాలుకు దాన్ని పారేయడం కుదరలేదు. వంగి, "ఇవన్నీ అబద్ధాలు" అని రాసి వెళ్ళిపోయాడు. చీకటి పడేలోగా దాని కింద ఒకరు "ఏవి?" అని అడిగారు. ఇంకొకరు "తోట కూడానా?" అన్నారు. బస్సు ఆలస్యమైందని, ఎప్పుడూ అదే రాసే ఆయన రాశాడు. మరునాడు పొద్దున్నే పర్వతాలు వచ్చి తన వరుస ఒక్కటి తుడుచుకొని పోయాడు.

సొసైటీకి నూలు ఆగలేదు. ఆపితే తలుపు మీది మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుందని ఎవరో పైవాళ్ళు అన్నారట. ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. కానీ గండయ్య తీసుకున్న నామినేషన్ తిరిగి వేయడానికి గడువు దాటిపోయింది.

ఇంతమంది పేర్లు అచ్చు వేయడం ఒక్కరోజులో అయ్యే పని కాదని, వోట్లు కొన్ని వారాలు వెనక్కి జరిపారు. ఆ వారాల్లో ఢిల్లీ నుంచి కూడా మనుషులు వచ్చారు. నీళ్ళు సీసాల్లో పట్టుకున్నారు, ఇక్బాల్ బీని నిలబెట్టి ఫోటోలు తీశారు. వాళ్ళు పోయాక ఎట్లా ఉన్నారని కోడలు అడిగితే, బూట్లు బాగున్నాయని చెప్పింది.

గెలిచింది చివరికి పెద్ద పార్టీ మనిషే. తాహేరాకు డిపాజిట్ పోయింది, వందల మందితో పాటు పోయింది. ఆమెకు వచ్చిన వోట్లు ఆమె అనుకున్న దానికంటే ఎక్కువ, ఊరివాళ్ళు వేశామని చెప్పుకున్న దానికంటే తక్కువ. నల్లా పైపు సంగతి అసెంబ్లీలో మాట్లాడారని పేపర్లో వచ్చింది. అవన్నీ తర్వాతి మాటలు.

వోట్ల రోజు మాత్రం ఎండ దంచుతోంది. బడి ముందు లైను కదలడం లేదు. లోపల వోటు కాయితం కాయితంలా లేదు, పుస్తకంలా ఉంది. ఒక్కొక్కరు పేజీలు తిప్పి తమకు కావలసిన పేరు వెతుక్కొని గుద్దేసరికి చాలాసేపు పడుతోంది. దస్తగిరి తాహేరా పేరును చదివే పట్టుకున్నాడు, గుర్తు చూసి కాదు. బయటికి వచ్చి గోడ నీడన నిలబడ్డాడు.

గండయ్య లోపలికి పోయి ఎంతకూ రాలేదు. లైనులోవాళ్ళు గొణిగారు. ఆఫీసరు రెండుసార్లు తెర దగ్గరికి వచ్చి కేక వేశాడు. వేళ్ళు వంగని మనిషి, పేజీలు తిప్పలేకపోతున్నాడేమోనని దస్తగిరి గుమ్మం దాకా పోయి నిలబడ్డాడు. చివరికి గండయ్య వచ్చాడు, చెమటతో అంగీ వీపుకు అంటుకుపోయి ఉంది.

"చెల్లె పేరు దొరికిందా?" అన్నాడు దస్తగిరి.

"దొరికింది. అప్పుడే గుద్దిన."

"మరి గింత సేపు?"

గండయ్య భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నా పేరు ఉన్నదేమోనని చూసిన. మొదటి నుంచి ఆఖరి దాంక చూసిన."

"నువ్వు తీసుకుంటివి గద అన్నా."

"తీసుకున్న. అయినా చూసిన."

దస్తగిరి సైకిల్ తెచ్చాడు. గండయ్య వెనక ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగాలిలో తొక్కడం కష్టమైంది.